కమ్రున్నీసాకు లేని రాయి

మార్కాపురంలో ఆడవాళ్ళ నడుముల సంగతి బాగా తెలిసింది ఎవరికంటే, కట్టుకున్న మొగుళ్ళకు కూడా కాదు, కమ్రున్నీసాకు. పలకల ఫ్యాక్టరీల వైపు పోయే రోడ్డులో చిన్న గది, అందులో ఆమె మిషన్. జాకెట్లు కుట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. "నా కొలత పోయినసారిదే వదినా, ఏం మారలా" అని ఎవరన్నా అంటే "ఊ, అంతే" అంటుంది. అంటూనే టేపు చుట్టి చూసుకుంటుంది, గుట్టుగా రెండు వేళ్ళు ఎక్కువ పెట్టి కత్తిరిస్తుంది. వాళ్ళు వేసుకొని అద్దం ముందు ఇటు తిరిగి అటు తిరిగి "చూసినావా, నేను చెప్పలా!" అంటారు. "అవును మరి" అంటుంది. ఇన్నేళ్ళలో ఒకరి నడుము సంగతి ఇంకొకరి చెవిన వేసిన పాపాన పోలేదు.

అంత గుట్టు మనిషి, తన నడుము దగ్గరికి వచ్చేసరికి ఎట్ల బోర్లా పడిందో చెప్తా వినండి.

గిద్దలూరులో ఉన్న కూతురు ఇర్ఫానా దగ్గరికి పోతా ఉంది ఒకరోజు. బస్సు కిక్కిరిసి ఉంది. చేతిలో సంచి, సంచిలో మనవడికి కుట్టిన బుల్లి చొక్కాలు. ఒక కాలేజీ పిల్ల గబుక్కున లేచి "కూర్చోండి ఆంటీ, ఈ టైంలో నిలబడకూడదు" అనింది. ఈ టైం ఏందో కమ్రున్నీసాకు అర్థం కాలేదు. కాళ్ళు పీకుతా ఉన్నాయి, కూర్చునింది. సంచిలోంచి తొంగి చూస్తున్న బుల్లి చొక్కాను ఆ పిల్ల ముద్దుగా చూసి "అప్పుడే కుట్టేసుకుంటున్నారా! ఎన్నో నెల ఆంటీ?" అని అడిగింది.

బస్సులో సగం మంది ఇటే చూస్తున్నారు. నేను అమ్మమ్మను తల్లీ అని చెప్పాలంటే నోరు పెగల్లేదు. ఏం చెప్తే ఈ గండం గడుస్తుందా అని చూసి "ఏడు" అనేసింది.

ఇంకేముంది! పక్కనామె కొబ్బరినీళ్ళు తాగమనింది. వెనకామె ఎడంపక్కకు తిరిగి పడుకోమనింది. కండక్టర్ అయితే "స్పీడు బ్రేకర్ల దగ్గర చూసి పోనీయన్నా, లోపల కడుపుతో ఉన్నామె ఉంది" అని డ్రైవర్‌కు కేకేసినాడు. గిద్దలూరు వచ్చేదాకా కమ్రున్నీసా పొట్ట మీద సంచి పెట్టుకొని, తల వంచుకొని, ఆ లేని బిడ్డను మోసింది. బస్సు దిగి కూతురింటికి పోయి, స్నానాల గదిలో గడియ పెట్టుకొని ఏడ్చింది.

ముగ్గురు బిడ్డల్ని మోసిన పొట్ట అది. ఆఖరివాడికి మీసాలు కూడా వచ్చినాయి, పొట్ట మాత్రం దిగలేదు. కాలేజీ గ్రౌండులో నడిచింది, తేనె నిమ్మకాయ తాగింది, రాత్రి పూట అన్నం మానేసి రొట్టె తినింది. మొహం పీక్కుపోయింది, చేతులు సన్నబడినాయి, పొట్ట మాత్రం అద్దె ఇవ్వకుండా కూర్చున్న మనిషిలాగా కదల్లేదు. చివరికి ఇర్ఫానా ఫోనులో వెతికి, గుంటూరులో కొవ్వు తీసే డాక్టరమ్మ ఒకామె ఉందని చెప్పింది.

భర్త హజరత్ వలి పలకల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పని చేస్తాడు. సంగతి విని నోరెళ్ళబెట్టినాడు. "నాకు బాగానే ఉన్నావు కదే!"

"అజీ, నీకు బాగుంటే సరిపోతుందా? బస్సులో వాళ్ళకు బాగుండొద్దా?"

ఆమె సొంత కష్టంతో దాచుకున్న డబ్బు, వద్దనడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. గడ్డం గోక్కొని "సరే, ఊరికి ఏం చెప్దాం?" అన్నాడు.

అసలు భయమంతా అక్కడే ఉంది. కొవ్వు తీయించుకున్నా అని తెలిస్తే బజారంతా విరగబడి నవ్వుతుంది. అందరూ నవ్వినా ఓర్చుకోవచ్చు గానీ సుబ్బులు నవ్వితే ఎట్ల? వెనక వీధిలో బర్రెలు పెట్టుకొని పాలు పోసే సుబ్బులు, కొత్త కోడలుగా పెద్దారవీడు నుంచి వచ్చిన ఏడాది జాకెట్ కుట్టించుకోను వచ్చి, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా రోజుకు ఒక్కసారన్నా ఆ గదిలో కూర్చోకుండా ఉన్నది లేదు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. మనిషి బక్కపల్చగా ఉంటుంది, ఒంటి మీద పిసరంత కొవ్వు లేదు. ఆమెకున్న సొత్తంతా జడే. పిక్కల దాకా వేలాడే జడ. ఆదివారం తలంటుకొని వాకిట్లో ఆరబెట్టుకుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. కొడుకు పుట్టినప్పుడు కూడా దేవుడికి మూడు కత్తెర్లే ఇచ్చింది గానీ అంతకు మించి ఒక్క వెంట్రుక ఇవ్వలేదు. అట్లాంటి మనిషికి "వదినా, నా పొట్ట నాకు సిగ్గుగా ఉంది" అని కమ్రున్నీసా ఎట్ల చెప్పుకుంటుంది?

"కిడ్నీలో రాయి అని చెప్దాం" అన్నాడు హజరత్ వలి. "మన నీళ్ళకు రాయి రాలేదంటే అనుమానపడాల గానీ, వచ్చిందంటే ఎవడు అడుగుతాడు?"

ఆ మాట నిజమే. ఆ పక్క ఊళ్ళల్లో ఇంటికొకరు రాయి మనుషులే. ఇద్దరూ తమ తెలివికి తామే మురిసిపోయినారు.

గుంటూరు డాక్టరమ్మ మాత్రం మొహమాటం లేకుండా చెప్పింది. "ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదమ్మా. ఆకారం సరిచేయడం, అంతే. తర్వాత తిండి చూసుకోకపోతే మళ్ళీ మొదటికొస్తుంది." రక్త పరీక్షలు, గుండె పరీక్ష చేయించింది. నడుము నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కొని మింగే మాత్రలు ముందుగానే మానేయాలంది, వాటితో రక్తం ఎక్కువ పోతుందట. తంబాకు వేసిన ఆకు కూడా మానేయాలంది, గాయం మానదట. మాత్రలు మానేసింది గానీ ఆకు మానేసేసరికి కమ్రున్నీసా తల ప్రాణం తోకకొచ్చింది.

"ఆకు మానేసినావేంది వదినా?" అని సుబ్బులు మొదటిరోజే పట్టేసింది.

"కిడ్నీలో రాయంట. ఆపరేషనంట" అని గొణిగింది కమ్రున్నీసా. సుబ్బులు చేతిలో పాల చెంబు అట్లనే ఆగిపోయింది. "అయ్యో నా తల్లీ! ఇన్నాళ్ళు నొప్పి ఓర్చుకొని మిషన్ తొక్కినావా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడన్నా నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు.

ఇంట్లో ఏర్పాట్లన్నీ చాటుమాటుగా సాగినాయి. ముందు బొత్తాలున్న నైటీలు తనే కుట్టుకుంది. కోసిన చోట నుంచి నీరు కారుతుందని చెప్పినారని పాత దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. హజరత్ వలి మంచం మీదికి రబ్బరు షీటు, స్నానాల గదిలోకి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చినాడు. కొన్నాళ్ళు వంగి మిషన్ తొక్కకూడదు కాబట్టి పెళ్ళి బట్టలన్నీ ముందే కుట్టి ఇచ్చేసింది.

ఆపరేషన్ రోజు డాక్టరమ్మ ఆమెను నిలబెట్టి, పొట్ట మీద, నడుము పక్కల పెన్నుతో గీతలు గీసింది. కమ్రున్నీసాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. తాను రోజూ బట్ట మీద చాక్‌పీసుతో చేసే పని అదే. "కొంచెం ఎడమ పక్క కూడా గీయండి మేడమ్, అది ఎక్కువ ఉంటుంది" అనింది. డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసి, మళ్ళీ కొలిచి, గీసింది.

ఒక రాత్రి అక్కడుంచుకొని, దిండు పొట్టకు ఆనించుకొని కారులో కూర్చోమని ఇంటికి పంపినారు. పంపేటప్పుడు ఒంటికి ఒక బట్ట తొడిగినారు. రొమ్ము కింద నుంచి తొడల దాకా పట్టేసే రబ్బరు లాంటి బిగుతు బట్ట. "స్నానానికి తప్ప రాత్రీ పగలూ తీయకూడదు. వాపు లాగేది ఇదే. ఇంట్లో మెల్లగా నడువు, నీళ్ళు బాగా తాగు, ఉప్పు తగ్గించు" అని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. కమ్రున్నీసా తల ఊపింది. తల ఊపుతూనే బట్ట పక్క కుట్టు వేలితో తడిమి, "అంచుకు ఓవర్‌లాక్ కుట్టు సరిగా పడలా" అనుకుంది మనసులో.

ఇంటికొచ్చిన మరుసటి రోజు నుంచి మొదలైంది జాతర.

మొదట వచ్చింది నాగేంద్రమ్మ. ఆ వీధిలో రాళ్ళ విషయంలో పెద్ద మనిషి ఆమె. తనకు తీసిన రాయిని చిన్న సీసాలో వేసి, షోకేసులో పెళ్ళి ఫోటో పక్కన పెట్టుకున్న మనిషి. మళ్ళీ రాయి పుట్టనీయదని కొండపిండి ఆకు కట్ట తెచ్చి పక్కన పెట్టి, కుర్చీ లాక్కొని, మొదటి మాటగా అడిగింది.

"ఏదీ, రాయి?"

కమ్రున్నీసా నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఈ సంగతి మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరికీ తట్టలేదు. రాయి తీసినాక రాయి చూపించాల కదా! పిల్ల పుట్టిందని చెప్పి పిల్లను చూపకపోతే ఎవరు ఊరుకుంటారు?

"ఆయన... ఆయన దగ్గరుంది. ఫ్యాక్టరీకి పట్టుకపోయినాడు" అనింది.

"ఫ్యాక్టరీకా? ఎందుకు?"

"అక్కడ అందరికీ చూపించడానికి" అనింది కమ్రున్నీసా నీరసంగా. నాగేంద్రమ్మకు అది సబబుగానే తోచింది, తలూపింది.

సాయంత్రం హజరత్ వలి రాగానే సంగతి చెప్పింది. ఆయన మనసు మంచిది, బుద్ధి కొంచెం తొందర. మరుసటిరోజు ఫ్యాక్టరీలో చేతికందిన ముక్క తీసుకొని, మిషన్ మీద అరగదీసి, శనగ గింజంత చేసి, కంటి మందు సీసాలో వేసి తెచ్చినాడు. ప్రపంచంలో ఇన్ని రకాల రాళ్ళున్నాయి. ఏట్లో గులకరాయి ఏరినా సరిపోయేది. ఆయన చేతికి అలవాటైన రాయి ఒకటే మరి, నల్ల పలక రాయి.

ఆ రోజు సుబ్బులు మొగుడు లక్ష్మీనరసయ్యతో కలిసి వచ్చింది. ఇప్పుడు మేకలు కాస్తున్నాడు గానీ, లక్ష్మీనరసయ్య వయసులో ఉన్నప్పుడంతా పలక క్వారీలో పొరలు విప్పినవాడే. సీసా తీసుకొని వెలుతురుకు పెట్టినాడు. తిప్పినాడు. గింజను అరచేతిలో వేసుకొని, గోటితో గీకినాడు. హజరత్ వలి గోడకు ఉన్న క్యాలెండర్ వైపు చూస్తా ఉన్నాడు. కమ్రున్నీసా కళ్ళు మూసుకొని, అయిపోయింది నా పరువు అనుకుంది.

"చెల్లెమ్మా" అన్నాడు లక్ష్మీనరసయ్య, గొంతులో ఎక్కడలేని గౌరవంతో. "ఇది అచ్చం మన క్వారీ పలక రాయే!"

హజరత్ వలి క్యాలెండర్‌లో ఆదివారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు.

"చూస్తివా సుబ్బులూ, మన నీళ్ళు ఎట్లాంటివో! బోర్లో నీళ్ళు ఆ రాతి పొరల్లోంచే కదా వచ్చేది. అదే తాగితే అదే పుట్టింది లోపల. నేను ఎప్పటి నుంచో చెప్తా ఉన్నా, ఎవరూ వినరే!"

సాయంత్రానికి ఆ మాట వీధి వీధీ తిరిగింది. కమ్రున్నీసా కడుపులో పలక పుట్టిందని చూడను జనం వరస కట్టినారు. నాగేంద్రమ్మ రాయి తెల్లటిది, సాదాది. ఆమె సీసా షోకేసులో మెల్లగా వెనక్కి జరిగింది.

వచ్చినవాళ్ళు వట్టి చేతులతో వస్తే బాగుండేది. మిగిలిన రాయేదన్నా ఉంటే కరగాలని ఉలవకట్టు, అరటి దవ్వ కూర. బలం రావాలని బంధువులింటి నుంచి పాయా. లక్ష్మీనరసయ్య మేక తలకాయ, కాళ్ళు తెచ్చిస్తే, సుబ్బులు తనే కాల్చి, కొట్టి, ఉప్పూ కారం దండిగా వేసి కూర చేసి, పక్కన కూర్చొని తినిపించింది. "తిను వదినా, రాయి తీసిన చోట గుంత పడి ఉంటుంది, నిండాల" అనింది. ఆ గుంత పడాలనే ఇంత కష్టపడ్డానని కమ్రున్నీసా ఎట్ల చెప్తుంది? అన్నీ తినింది. మొహమాటంతో తినింది, కాస్త రుచికీ తినింది. ఆ సంగతి దాచడం ఎందుకు.

తిన్నది లోపలికి పోయింది, బట్ట బయట నుంచి నొక్కింది. మధ్యలో ఊపిరాడక కమ్రున్నీసా ప్రాణం విలవిల్లాడింది. వేరే మనిషయితే డాక్టరమ్మకు ఫోన్ చేసేది, లేదా ఏడ్చుకుంటా భరించేది. ఈమె దర్జీ అయిపాయె. వదులు చేయమని వచ్చిన జాకెట్‌ను ఆమె ఏనాడూ వెనక్కి పంపలేదు. ఎవరూ లేని మధ్యాహ్నం చూసి, మంచం మీదే కూర్చొని బట్ట విప్పి, పక్క కుట్టు తీసి, లోపల పట్టీ వేసి కుట్టేసింది. మిగిలిపోయిన ఎర్ర పూల లైనింగ్ గుడ్డ పట్టీ. మళ్ళీ వేసుకొని "అబ్బ, ఇప్పుడు సరిపోయింది కొలత" అని హాయిగా నిద్రపోయింది.

అట్ల రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు పొట్ట ఒక పక్క ఉబ్బి, చర్మం బిగిసి, ముట్టుకుంటే ప్రాణం పోయేట్టు నొప్పి. పొద్దున పాలు పోయను వచ్చిన సుబ్బులు చూసేసరికి, కమ్రున్నీసా జ్వరంతో పళ్ళు టకటకమని కొట్టుకుంటూ వణికిపోతా ఉంది. సుబ్బులు చెంబు అట్లనే వదిలేసి, దుప్పటి కప్పి, ఆమె పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకొని రుద్దింది. "వదినా, నన్ను చూడు! కళ్ళు తెరువు!" అని అరిచింది. ఆ తర్వాత నల్లమల వైపున్న కిటికీకి తిరిగి, కళ్ళు మూసుకొని ఏదో గొణుక్కుంది. జ్వరం మైకంలో కమ్రున్నీసాకు పెదవులు కదలడం కనిపించింది గానీ మాట వినిపించలేదు.

హజరత్ వలి పరుగున వచ్చి కారు పిలిపించినాడు. గుంటూరులో డాక్టరమ్మ బట్ట విప్పి చూసి, పక్కనున్న ఎర్ర పూల పట్టీ దగ్గర ఆగిపోయింది.

"ఇది కంపెనీది కాదే! ఎవరు వేసినారు?"

కమ్రున్నీసా చెయ్యెత్తింది, బడిలో పిల్లలాగా.

డాక్టరమ్మ తిట్టిన తిట్లు హజరత్ వలి బయట బెంచీ మీద కూర్చొని విన్నాడు. బిగుతు వదిలేసిన చోట లోపల నీరు చేరిందట, అది చెడే దశకొచ్చిందట. ఇంకా ఆలస్యం అయితే ప్రాణం మీదికొచ్చేదేనట. సూదితో నీరు లాగి, మందులు పెట్టి, రెండు రోజులు ఉంచుకొని, కొత్త బట్ట తొడిగి పంపింది. పంపుతా పంపుతా "దీనికి కుట్టు వేస్తే నీ మిషన్ అమ్మేయిస్తా" అని బెదిరించింది.

ఇంటికొచ్చినాక కమ్రున్నీసా బుద్ధిగా ఉంది. జ్వరం దిగింది, వాపు లాగింది. ఉప్పు లేని పప్పు తినింది, ఇంట్లో గోడలు పట్టుకొని నడిచింది. ఎవరు ఏం తెచ్చినా "డాక్టర్ వద్దన్నారు" అని పక్కన పెట్టించింది. హజరత్ వలి రోజూ అవన్నీ తిని తన పొట్ట పెంచినాడు. అంతా సద్దుమణిగింది, గుట్టు గుట్టుగానే ఉండిపోయింది అనుకుంటుండగా, శుక్రవారం మధ్యాహ్నం సుబ్బులు వచ్చింది. తలంటుకొని జడ ఇంకా అల్లుకోలేదు. వెంట్రుకలన్నీ వీపు మీద పరిచినట్టు ఉన్నాయి.

"వదినా, వంగకుండా చిన్న పని చేయగలవా? టోపీ మాదిరిగా ఒకటి కుట్టాల. నూలు గుడ్డతో."

"ఎవరికి? మనవరాలికా?"

"నాకే. రేపు శనివారం కదా, నల్లమలలో నెమలిగుండ్ల రంగనాయకుడి దగ్గరికి పోతున్నా. గుండు మీద ఎండ పడితే తల నొప్పి పుడుతుందంట." సుబ్బులు నవ్వింది. "నువ్వు ఆ పొద్దు వణికిపోతుంటే మొక్కుకున్నా. మా వదిన లేచి తిరిగితే నా తల వెంట్రుకలన్నీ నీకే స్వామీ అని. లేచి తిరుగుతున్నావు. ఇంక ఆలస్యం చేయకూడదు."

కమ్రున్నీసా ఆమె చెయ్యి పట్టేసుకుంది. "మూడు కత్తెర్లు ఇయ్యి, చాలు!"

"అన్నీ అని మొక్కి మూడు ఇస్తే ఆయన ఊరుకుంటాడా? కొలత తీసుకో."

పైన పెట్టిన టేపు తీసింది కమ్రున్నీసా. సుబ్బులు తల చుట్టూ టేపు తిప్పింది. ఆ వెంట్రుకలు ఇంకా చెమ్మగా, చేతి నిండా ఒత్తుగా తగిలినాయి. కుంకుడుకాయ వాసన. వయసులో ఉన్నప్పుడు ఈ జడ తానే ఎన్నిసార్లు అల్లిందో. రేపు ఈపాటికి ఇది ఒక గంపలో పడి ఉంటుంది. దేనికి? తన పొట్టకు. తన అబద్ధానికి. ఒక పలక ముక్కకు.

టేపు జారిపోయింది. కమ్రున్నీసా అట్లనే సుబ్బులు భుజం మీద తల పెట్టి భోరుమని ఏడ్చింది.

"రాయి లేదు వదినా. నాకు రాయే లేదు. కొవ్వు తీయించుకున్నా. అందంగా కనపడాలని. ఆ సీసాలోది ఇర్ఫానా నాయన ఫ్యాక్టరీలో అరగదీసి తెచ్చినాడు. ఆ జ్వరం కూడా నేను చేతులారా తెచ్చుకుందే, బట్ట వదులు చేసుకుని. నా పొట్ట కోసం నీ జడ ఇయ్యొద్దే! నీ కాళ్ళు మొక్కుతా!"

బస్సు సంగతి, ఏడో నెల సంగతి, పట్టీ సంగతి అన్నీ వెళ్ళగక్కింది. సుబ్బులు కదలకుండా వినింది. నవ్వలేదు. నవ్వితే బాగుండును అనిపించింది కమ్రున్నీసాకు.

అంతా విని సుబ్బులు అడిగింది. "ఆ పొద్దు నువ్వు వణికింది అబద్ధమా?"

"కాదు."

"నీ కాళ్ళు మంచు మాదిరి ఉన్నాయి. అది అబద్ధమా?"

"కాదే."

"మరి నేను రాయికి మొక్కినానా? ఏ రాయో, ఏ కొవ్వో నాకు తెలియదు. నిన్ను చూసి మొక్కినా. నువ్వు ఉన్నావు. చాలు." కమ్రున్నీసా గడ్డం పట్టి మొహం పైకెత్తింది. "నాకు కోపం దానికి కాదు. బస్సులో అంత అవమానం జరిగితే, స్నానాల గదిలో గడియ పెట్టుకొని ఒక్కదానివే ఏడుస్తావా? నేను చచ్చినానా? నా దగ్గరికొచ్చి ఏడవకూడదా నువ్వు?"

సుబ్బులు ముక్కు చీది, కొంగుతో తుడుచుకొని, టేపు కింద నుంచి తీసి కమ్రున్నీసా చేతిలో పెట్టింది. "కొలత తీసుకో. నీలం గుడ్డతో కుట్టు. పువ్వులు వద్దు, నీ ఎర్ర పూల పట్టీ గతి విన్నా కదా."

ఆ సాయంత్రం కమ్రున్నీసా చేతి మిషన్ బల్ల మీద పెట్టించుకొని, నిటారుగా కూర్చొని టోపీ కుట్టింది. ఒక్కో కుట్టుకు ఒక్కో కన్నీటి చుక్క పడింది గానీ కుట్టు మాత్రం వంకర పోలేదు.

ఆదివారం పొద్దున సుబ్బులు వచ్చింది. గడపలో నిలబడేసరికి కమ్రున్నీసాకు గుర్తుపట్టను కాసేపు పట్టింది. గంధం పూసిన నున్నటి గుండు. చెవులు ఇంత పెద్దవని ఇన్నేళ్ళూ తెలియనే లేదు. సుబ్బులు ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి నీలం టోపీ తీసి తలకు పెట్టుకుంది. అది జారి కళ్ళు మూసేసి, ముక్కు మీద ఆగింది.

"ఇదీ నీ కుట్టు!" అనింది టోపీ లోపల నుంచి. "కొండ దగ్గర పెట్టుకొని రెండడుగులు వేసినానో లేదో మెట్టు తప్పి పడబోయినా. మార్కాపురంలోనే పేరున్న దర్జీవి, జుట్టంతా కలిపి కొలుస్తావా?"

నిజమే. గుండుకు కావాల్సిన టోపీని జుట్టుతో కొలిచింది కమ్రున్నీసా. జీవితంలో మొదటిసారి కొలత తప్పింది. "గుండు చేయించుకోవులే అనుకున్నా వదినా" అనింది.

"చెప్పేది విను ముందు" అని సుబ్బులు టోపీ పైకెత్తింది. కళ్ళు మెరుస్తా ఉన్నాయి. "గిద్దలూరులో బస్సెక్కినానా, నిలబడడానికి కూడా చోటు లేదు. నా గుండు, ఈ బక్క ఒళ్ళు చూసి ఒక కాలేజీ పిల్ల లేచింది. 'అయ్యో, ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారు ఆంటీ? కూర్చోండి' అనింది."

"అయ్యో! నువ్వేమన్నావు?"

"ఏమంటా? మార్కాపురం దాకా కాళ్ళు చాపుకొని హాయిగా కూర్చున్నా. వదినా, ఎవరన్నా సీటు ఇస్తే కూర్చోవాల. దానికి పోయి ఆపరేషన్ చేయించుకుంటారా!"

కమ్రున్నీసా పగలబడి నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా ఆగలేదు. రెండు చేతులతో పొట్ట పట్టుకొని "నవ్వించొద్దే, చచ్చిపోతా" అంటూనే నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకొని, టేపు తీసుకొని, సుబ్బులును దగ్గరకు లాక్కొని ఆ నున్నటి తలను మళ్ళీ కొలిచింది.